అర్హత కలిగిన నాటి నుండి



ప్రభుత్వ పరిశోధనాలయాల్లో పనిచేసే శాస్త్రవేత్తలు పదోన్నతి కోసం న్యాయస్థానాల మెట్లెక్కుతారంటే వినేవారు ఒకపట్టాన నమ్మరు. మావంటి బడిపంతుళ్ల సంగతి వేరు. సీనియారిటీ జాబితాలూ, అభ్యంతరాలూ, స్టేలూ మాకు నిత్యకృత్యాలు. గ్రేడ్-2 పండితుడుగా చేరినవాడు ఏళ్ల తరబడి ఆ పేరుతోనే ఉండిపోవడం మా తరంలో వింత కాదు. కాని లోహాలను కరిగించి క్షిపణులకు కవచాలు చేసేవారికీ, కొత్త వరివంగడాలు తీసేవారికీ ఈ గొడవ ఉంటుందని ఎవరూహిస్తారు? వారి విద్యే వారిని పైకి తీసుకుపోతుందని లోకం అనుకొంటుంది.

2025 సంక్రాంతికి మా పాత శిష్యుడొకడు కాగితాల కట్టతో ఇంటికి వచ్చాడు. 1983లో గుంటూరు జిల్లాలో నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదివినవాడు. లెక్కల్లో దిట్ట, ఛందస్సులోనూ గణాలు తప్పేవాడు కాదు. ఇప్పుడు హైదరాబాదులో కేంద్రప్రభుత్వ ప్రయోగశాల ఒకదానిలో సీనియర్ శాస్త్రవేత్త. అతని పేరూ, సంస్థ పేరూ చెప్పను. వ్యవహారం విచారణలో ఉన్నది.

"మాస్టారూ, వకీలు దగ్గరికి వెళ్లేముందు మీరొక్కసారి ఈ వాక్యం చూడాలి" అన్నాడు.

"ఇంగ్లీషు కాగితాలతో తెలుగు మాస్టారికేం పని నాయనా?"

"భాష ఏదైతేనేం మాస్టారూ. తగవంతా 'నుండి' అన్న ఒక్క మాట మీదే ఉంది."

నిజమే. ఆ కట్టంతా చదివితే చివరకు తేలింది అదే. అతడు 2022 జనవరి 1 నాటికి సైంటిస్ట్ 'ఎఫ్' స్థానానికి అర్హుడయ్యాడు. మదింపు చేయవలసిన మండలి సకాలంలో కూర్చోలేదు. అధ్యక్షుడు దొరకలేదని ఒకసారి, రహస్య నివేదికలు పూర్తి కాలేదని ఒకసారి వాయిదా పడింది. చివరకు కూర్చొని, ఇతణ్ణి ఇంటర్వ్యూ చేసి, యోగ్యుడని తేల్చింది. ఉత్తర్వు 2023 సెప్టెంబరులో వచ్చింది. అందులో, పదోన్నతి ఉత్తర్వు తేదీ నుండి అమలు అని వ్రాశారు. నడుమ పోయినవి ఇరవై నెలలు.

ఇరవై నెలలకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. తరువాతి మెట్టు 'జి'. దానికి 'ఎఫ్'లో కనీసం ఐదేళ్లు ఉండాలి. 2022 జనవరి నుండి లెక్కిస్తే 2027 జనవరికి అర్హత వస్తుంది. 2023 సెప్టెంబరు నుండి లెక్కిస్తే 2028 సెప్టెంబరు దాటాలి. అతనికి అరవై ఏళ్లు నిండేది 2028 జూన్‌లో. అంటే ఎవరో కూర్చోవలసిన రోజున కూర్చోకపోవడం వల్ల, ఇతడు ఎక్కవలసిన చివరి మెట్టు ఇతడు వెళ్లిపోయిన మూడు నెలలకు వస్తుంది. ఫించను కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇక్కడ ఆ పద్ధతి గురించి కాస్త చెప్పాలి. మామూలు ప్రభుత్వోద్యోగంలో పైన ఖాళీ ఏర్పడితేనే కిందివాడు పైకి వెళ్తాడు. శాస్త్రవేత్తలకు అట్లా కాదు. ఖాళీతో నిమిత్తం లేకుండా, ఒక స్థానంలో నిర్ణీత కాలం పనిచేసి, పరీక్షకు నిలిస్తే, ఉన్నచోటనే పై స్థానం ఇస్తారు. అతడు కూర్చున్న కుర్చీయే అతనితో పాటు ఎత్తు పెరుగుతుంది, అతడు వెళ్లిపోతే మళ్లీ కిందికి దిగుతుంది. దీనికి ఫ్లెక్సిబుల్ కాంప్లిమెంటింగ్ స్కీమ్ అని పేరు. 1980లలోనే ఉన్న ఈ పద్ధతిని ఐదవ వేతన సంఘం సిఫారసుల తరువాత 1998 నవంబరు 9 నాటి ఉత్తర్వుతో సవరించారు. ఆరవ వేతన సంఘం తరువాత 2010 సెప్టెంబరులో మరల సవరించారు. మెట్లకు పేర్లు ఆంగ్లాక్షరాలు: 'బి' నుండి 'సి'కి మూడేళ్లు, 'సి' నుండి 'డి'కి నాలుగు, 'డి' నుండి 'ఇ'కి నాలుగు, 'ఇ' నుండి 'ఎఫ్'కు ఐదు, 'ఎఫ్' నుండి 'జి'కి ఐదు. నలభై ఏళ్ల వయసులో పలక మీద ఏబీసీడీలు దిద్దుతున్నట్లుంటుందని మా శిష్యుడే నవ్వాడు.

చూడబోతే ఎంత ఉదారమైన పద్ధతి! ఖాళీ కోసం ఎవరి మరణమో, విరమణో ఎదురుచూడనక్కరలేదు. దీని ఉద్దేశమే అది. శాస్త్రవేత్త పాలనాపదవి కోసం ప్రయోగశాల విడిచిపోకుండా, పరిశోధన చేస్తూనే పెరగాలని. మరి తగవు ఎక్కడ పుడుతుంది? ద్వారాల దగ్గర పుడుతుంది. మొదటి ద్వారం కాగితం మీద జరిగే వడపోత. రెండవది మండలి ముందు ఇంటర్వ్యూ. మొదటి ద్వారం దాటనివాడికి రెండవది తెరవరు.

ఆ వడపోత లెక్క చూసినప్పుడు ముప్ఫయ్యేళ్లకు పైగా మార్కులు వేసినవాడిగా నాకు ఆసక్తి కలిగింది. 1998 ఉత్తర్వు ప్రకారం వార్షిక రహస్య నివేదికలో 'అత్యుత్తమం' అని వ్రాస్తే 10 మార్కులు, 'చాలా బాగు'కు 8, 'బాగు'కు 6, 'సామాన్యం'కు 4, అధమానికి సున్న. 'బి' నుండి 'సి'కి మూడేళ్లకే వెళ్లాలంటే 85 శాతం ఉండాలి. మూడేళ్లూ 'చాలా బాగు' తెచ్చుకొన్నవాడికి వచ్చేది 80 శాతం. అతడికి ఇంటర్వ్యూ పిలుపు రాదు. మరో యేడు ఆగితే గీత 80కి దిగుతుంది, అప్పుడు పిలుస్తారు. 'సి' నుండి 'డి'కి నాలుగేళ్లకు 85, ఐదేళ్లకు 80, ఆరేళ్లకు 75. ఐదేళ్లలో నాలుగు 'చాలా బాగు'లు, ఒక్క 'బాగు' ఉన్నదనుకోండి: 50కి 38, అంటే 76 శాతం. పిలుపు లేదు. ఆరవ యేట మరొక 'చాలా బాగు' కలిస్తే 60కి 46, డెబ్బయ్యారు పైచిలుకు. అప్పుడు ద్వారం తెరుచుకొంటుంది. 'బాగు' అన్న ఒక్క మంచిమాట ఒక మనిషి జీవితంలో ఒక సంవత్సరం తినేసింది!

నేను ఏ విద్యార్థి కాగితం మీదనైనా 'బాగు' అని వ్రాస్తే ఆ పిల్లవాడు ఇంటికి పరుగెత్తి అమ్మకు చూపించేవాడు. ఇక్కడ అదే మాట ఉరిత్రాడు. పైగా చాలాకాలం ఆ మాట వ్రాసినట్లు మనిషికి చెప్పేవారు కూడా కాదు. చెడ్డమాట వ్రాస్తే తెలియజేయాలి, మంచిమాట వ్రాస్తే తెలియజేయనక్కరలేదన్నది నియమం. 'బాగు' మంచిమాటే కదా! దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ ముడి విప్పింది. ఆయన శాస్త్రవేత్త కాదు, సరిహద్దు రహదారుల సంస్థలో ఇంజనీరు. ఒక్క సంవత్సరం వచ్చిన 'బాగు' వల్ల పదోన్నతి పరిశీలనకే నోచుకోలేదు. పదోన్నతికి 'చాలా బాగు' గీత గీసినప్పుడు 'బాగు' అన్నదే ప్రతికూల వ్యాఖ్య అవుతుందని, ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయవలసిందేనని న్యాయస్థానం చెప్పింది. 2009 మేలో కేంద్రం నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపాలని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దేవ్ దత్ తీర్పును బలపరిచింది. మాట అర్థం దాని చుట్టూ ఉన్న మాటలను బట్టి మారుతుందని మేము తరగతిలో చెప్పేదే. చెప్పించుకోవడానికి సర్కారుకు సుప్రీంకోర్టు కావలసివచ్చింది.

మరొక చిక్కు కూడా ఉన్నది కాని అది మా శిష్యుడికి సంబంధించినది కాదు. ఢిల్లీ మంత్రిత్వ శాఖల కార్యాలయాల్లో పనిచేసే శాస్త్రవేత్తలు 'ఎఫ్'కు వెళ్లాలంటే రెండేళ్లు, 'జి'కి వెళ్లాలంటే ఐదేళ్లు క్షేత్రానుభవం చూపాలి. ఏది క్షేత్రం, ఏది కార్యాలయం అన్నది వేరే పురాణం.

సరే, 'నుండి' దగ్గరకు వస్తాను.

1989లో వదేరా కేసని పేరుపడిన దానిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తమకు సైంటిస్ట్ 'బి' పదోన్నతి జులై 1 నుండి ఇవ్వాలని కోరారు. ట్రిబ్యునల్ ఒప్పుకొంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పదోన్నతి ఇచ్చిన నాటి నుండే పదోన్నతి గాని, పై స్థానం ఏర్పడిన నాటి నుండి కాదన్నది దాని సారం. జులై 1 అన్నది నియమాల్లో ఎక్కడా లేదని కూడా చెప్పింది. ఆనాటి నుండి ప్రభుత్వ న్యాయవాదులకు అది బ్రహ్మాస్త్రం. 2002 జులైలో సిబ్బంది శాఖ కూడా ఈ పథకం కింద పదోన్నతులు ముందుతేదీ నుండి కాక, ఇచ్చిన తరువాతనే అమలవుతాయని వివరణ ఇచ్చింది.

తరువాత మూర్తి కేసు వచ్చింది. బొటానికల్ సర్వేలో శాస్త్రవేత్త ఆయన. 1999 జనవరి 1 నాటికి అర్హత పొందాడు. పదోన్నతి మాత్రం ఆ మరుసటి యేడు నుండి ఇచ్చారు. 2010లో ఢిల్లీ హైకోర్టు, ఇది ఖాళీతో నిమిత్తం లేని పదోన్నతి కనుక, మండలిని సకాలంలో కూర్చోబెట్టకపోవడం ప్రభుత్వ లోపం కనుక, ఆ ఆలస్యాన్ని ఉద్యోగి నెత్తిన వేయరాదని చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2011 మేలో ఆ అప్పీలు వీగిపోయింది. వదేరా తీర్పు ఈ సందర్భానికి అతకదన్నారు. అప్పటి నుండి ఇటువంటి ప్రతి అర్జీలోనూ ఒక పక్షం వకీలు వదేరా అంటాడు, మరొక పక్షం వకీలు మూర్తి అంటాడు.

నా శిష్యుడి పక్షం మూర్తి పక్షమే. అయినా ఎదుటివారి వాదంలో బలం లేదని అనను. వారి మాట ఇది: నిర్ణీత కాలం గడిచినంత మాత్రాన పదోన్నతి హక్కు కాదు, పరిశీలింపబడడమే హక్కు. మండలి చూసి యోగ్యుడని చెప్పేవరకు అతని యోగ్యత తేలలేదు. తేలనిదానిని వెనుకటి తేదీకి ఎట్లా అంటగడతారు?

ఇక్కడ మన తెలుగు మాట ఒకటి చిక్కు పెడుతుంది. 'అర్హత' అని మనం రెండింటికీ వాడుతున్నాము. దరఖాస్తు చేసుకోదగిన స్థితికీ అర్హతే, ఆ పదవికి తగిన గుణానికీ అర్హతే. ఇంగ్లీషు ఉత్తర్వుల్లో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. ధాతుపాఠం ప్రకారం 'అర్హ' ధాతువుకు పూజ అన్నది అర్థం. పూజింపదగినవాడు అర్హుడు. అట్లా చూస్తే మొదటి అర్థంలో అర్హత క్యాలెండరు ఇస్తుంది, రెండవ అర్థంలో అర్హత మనిషి సంపాదించుకొంటాడు. మండలి రెండవదాన్ని పుట్టించదు, గుర్తిస్తుంది. 2023 సెప్టెంబరులో మండలి చదివిన పరిశోధన పత్రాలు ఏనాటివి? 2022 జనవరికి ముందు చేసిన పనివే. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలన్నీ ఆ ఐదేళ్ల పని మీదనే అడిగారని అతడు చెప్పాడు. జవాబుపత్రం మార్చిలో వ్రాసి, పంతులు దిద్దడం ఆలస్యమై డిసెంబరులో మార్కులు వేస్తే, ఆ పిల్లవాడు ఆ యేడు ఉత్తీర్ణుడా, మరుసటి యేడా? నేను దిద్దిన ఏ జవాబుపత్రం మీదా ఆ ప్రశ్న రాలేదు.

ఒక విచిత్రం. 1989 అన్నాను కదా, ఆ ఒక్క సంవత్సరంలోనే శాస్త్ర సంస్థల పదోన్నతుల మీద సుప్రీంకోర్టు మరి రెండు తీర్పులు చెప్పింది. ఒకటి భట్ కేసు. సీఎస్‌ఐఆర్‌లో ఇంజనీరు ఆయన. ఇరవై ఏళ్లు ఒక్క పదోన్నతి లేకుండా గడిపాడు. నియమాల ప్రకారం ట్రిబ్యునల్ ఇచ్చిన ఊరట సరైనది కాదని భావించి కూడా, సుప్రీంకోర్టు ఆ ఊరటను రద్దు చేయలేదు. సంస్థ మనిషిని ఒక పనికోసం మాత్రమే కాదు, జీవితకాలపు వృత్తికోసం చేర్చుకొంటుందని, ఎదుగుదల లేని మనిషి కుంగిపోతాడని చెప్పింది. రెండవది డాక్టర్ హుస్సేన్ కేసు. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్‌లో వైద్యులు కాని శాస్త్రవేత్తలకు పదోన్నతి దారే లేదు. పక్కగదిలోని వైద్యుడు మెట్లెక్కుతుంటే వీరు చూస్తూ ఉండాలి. న్యాయస్థానం వారికి కూడా దారి ఏర్పరచమని ఆదేశించింది. ఈ మూడు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకొని చదివాను. ఒకే ఏడాదిలో ఒకే న్యాయస్థానం, మనిషిని చూసినప్పుడు ఒక స్వరంతోనూ, తేదీని చూసినప్పుడు మరొక స్వరంతోనూ మాట్లాడినట్లు నాకు తోచింది. న్యాయశాస్త్రం చదివినవారు నవ్వవచ్చు.

కుంగిపోవడం అన్నది ఉత్తమాట కాదు. 1972 మేలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త వినోద్ షా ప్రాణం తీసుకొన్నారు. సంస్థలో జరుగుతున్న అన్యాయాలను ఉత్తరంలో వ్రాసి మరీ పోయారు. పార్లమెంటు దాకా గొడవ వెళ్లింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. ఆ సంఘం పని తరువాతనే, 1973లో, నియామకాలను ఆ సంస్థల పెద్దల చేతినుండి తప్పించి వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలిని ఏర్పాటు చేశారు. నాకప్పుడు పదమూడేళ్లు, ఆ వార్త నాకు తెలియదు. మా శిష్యుడు చెప్తే తెలిసింది. వారి ప్రయోగశాలల్లో పాతవారు ఇప్పటికీ ఆ పేరు తలుస్తారట.

ఈ మాట అతడు చెప్పినప్పుడు వాళ్ల ఆవిడ కూడా పక్కనే ఉన్నది. ఆమె ముఖం మారిపోయింది. "అండీ, ఆ మాటలెందుకు ఇప్పుడు" అని అతణ్ణి వారించి, నావైపు తిరిగి, "మాస్టారూ, మీరైనా చెప్పండి. ఇంకా మూడేళ్లు అదే ఆఫీసులో అదే మనుషుల మధ్య ఉండాలి. వీరి నివేదిక వ్రాసేది ఆ పై అధికారే. కేసు వేసినవాడికి 'అత్యుత్తమం' అని ఎవరు వ్రాస్తారు? గెలిచినా ఓడినట్లే కదా" అన్నది.

ఆమె లెక్కా తప్పు కాదు. ఆ మార్కుల పట్టిక చూసిన తరువాత తప్పని ఎట్లా అనగలను? కాని నేను వెయ్యమనే చెప్పాను. నా కారణం గొప్పదేమీ కాదు. అతని తరువాత చేరినవారు ఆ ప్రయోగశాలలో పదిమంది ఉన్నారట. ఈసారి ఇరవై నెలలు ఎవరూ అడగకపోతే, వచ్చేసారి మండలి ముప్ఫై నెలలకు కూర్చుంటుంది.

గడువు ఒకటి ఉన్నది. కేంద్ర ఉద్యోగుల తగవులు ముందు వినేది కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్. 1985 చట్టం ప్రకారం ఏర్పడింది, హైదరాబాదులో దాని బెంచి ఉన్నది. అంతిమ ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా అర్జీ వేయాలి. పై అధికారికి మహజరు పెట్టుకొని ఆరునెలలు చూసినా జవాబు రాకపోతే, ఆ ఆరునెలలు ముగిసిన నాటి నుండి ఏడాది. ఇతడు 2024 జనవరిలో మహజరు పెట్టాడు. జవాబు రాలేదు. అంటే 2025 జులై దాకా గడువు. మళ్లీ మళ్లీ మహజర్లు పెట్టుకొంటూ పోతే గడువు పెరగదు. చాలామంది మర్యాదస్థులు ఇక్కడే దెబ్బతింటారని వకీలు చెప్పాడట. మర్యాదగా మూడు ఉత్తరాలు వ్రాసి, మర్యాదగా ఎదురుచూసి, కాలదోషం పట్టిన తరువాత తలుపు తడతారు. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే హైకోర్టు. 1997లో చంద్రకుమార్ కేసు తరువాత ఆ దారి తెరుచుకొంది. ఆపైన సుప్రీంకోర్టు. 2028 జూన్ లోపల ఇన్ని మెట్లు! 'జి' మెట్టు కన్న ఇవే ఎత్తుగా కనిపిస్తున్నాయి.

అతడు జూన్ రెండవ వారంలో అర్జీ వేశాడు. ముసాయిదా నాకు పంపాడు. కోరికల భాగంలో ఒక మాట దగ్గర ఆగాను. పదోన్నతి 2022 జనవరి 1 నుండి 'నోషనల్'గా ఇచ్చినా చాలునని వ్రాసి ఉన్నది. అంటే తేదీ మారుతుంది, సీనియారిటీ మారుతుంది, ఆ ఇరవై నెలల జీతం తేడా మాత్రం ఇవ్వరు. ఫోను చేసి అడిగాను, ఎందుకట్లా వదులుకొన్నావని.

"డబ్బడిగితే వాళ్లు చివరిదాకా పోరాడతారు మాస్టారూ. తేదీ చాలు నాకు."

"పని చేసింది నిజంగా కదా నాయనా. జీతం మాత్రం ఊహామాత్రమా?"

కాసేపు మాట్లాడలేదు. వకీలుతో చెప్పి ఆ వాక్యం మార్పించాడు. ముందు పూర్తి బకాయిలతో, అది కాకపోతే నోషనల్‌గా అని. ఆగస్టులో మొదటి వాయిదాకు ప్రభుత్వ న్యాయవాది జవాబు దాఖలుకు నాలుగు వారాలు గడువు అడిగాడు, ఇచ్చారు. ఆ నాలుగు వారాలు అయిపోయి మరొక నాలుగు వారాలు కూడా అయినవి. జవాబు ఇంకా రాలేదు. అతడు మాత్రం రోజూ తొమ్మిది గంటలకల్లా ప్రయోగశాలకు వెళ్తున్నాడు. మొన్న ఫోనులో కేసు సంగతి అడిగితే రెండు ముక్కల్లో ముగించి, కొలిమిలో కొత్త మిశ్రమలోహం ఒకటి అనుకొన్న వేడికి పగలకుండా నిలిచిందని అరగంట చెప్పాడు.